పిస్టన్‌ను తిట్టే ముందు రింగును చూడండి

కొత్త రకం ఇంజిన్ కనిపెట్టామంటూ వచ్చే యానిమేషన్ వీడియోల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. పిస్టన్ పైకి వెళ్లి ఆగుతుందట, కిందికొచ్చి ఆగుతుందట, ఇలా నిమిషానికి వేలసార్లు ఆగి కదలడంలోనే బోలెడు శక్తి వృథా అవుతుందట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆగబోయే పిస్టన్ తన వేగంలోని శక్తిని కనెక్టింగ్ రాడ్ మీదుగా క్రాంక్‌షాఫ్ట్‌కే (పిస్టన్ కదలికను గుండ్రటి తిప్పుడుగా మార్చే ఇరుసుకే) తిరిగి ఇచ్చేస్తుంది. మళ్లీ కదిలేటప్పుడు అక్కడి నుంచే తీసుకుంటుంది. మధ్యలో పోయేదల్లా రాపిడి తినేసే కొంత. వైబ్రేషన్ నిజమైన సమస్యే, అది వేరే సంగతి. లేని జబ్బుకు మందు వెతుకుతూ మొదలైన డిజైన్లు చాలావరకు ఉన్న జబ్బుల దగ్గర బోల్తా పడ్డాయి. గ్యాస్ లీకవకుండా ఆపడం, ఆయిల్ అందించడం, వేడిని లాగేయడం... అసలు జబ్బులు ఇవి.

ఈ మూడింట్లోనూ మామూలు ఇంజిన్‌ను కాపాడుతున్నది పిస్టన్ రింగు. ఒకచోట కోసిన ఇనుప చుట్టు, అంతే. జాన్ రామ్స్‌బాటమ్ 1850లలో ఆవిరి యంత్రాల కోసం తయారుచేశాడు. అరిగే కొద్దీ స్ప్రింగులా తనే విచ్చుకుని గోడను అంటుకుంటుంది. సిలిండర్‌లో మంట రేగినప్పుడు ఆ గ్యాసే రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. అంటే ఒత్తిడి పెరిగితే సీలు ఇంకా బిగుస్తుంది. కింద నుంచి ఆయిల్ ఎలాగూ చిమ్ముతూ ఉంటుంది. ఇదంతా సిలిండర్ గుండ్రంగా ఉండటం వల్ల వచ్చిన సుఖం.

ఆ సుఖాన్ని వదులుకుంటే ఏమవుతుందో వాంకెల్ రోటరీ ఇంజిన్ చూపించింది. మూడు మూలల రోటరు, నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండే గదిలో తిరుగుతుంది. ప్రతి మూలలో ఎపెక్స్ సీలు అనే సన్నటి పట్టీ ఉంటుంది. అది గోడను తాకేది ఒక్క గీత మేర మాత్రమే. తిరుగుతూ ఉంటే ఇటు కాసేపు, అటు కాసేపు వాలుతుంది. రోటరు ఆ పెద్ద గదిని మూడు చిన్న గదులుగా విడగొడుతుంది కాబట్టి సీలుకు రెండు పక్కలా రెండు వేర్వేరు గదులు. ఒకసారి ఇటు ఒత్తిడి ఎక్కువ, మరోసారి అటు ఎక్కువ. అందుకే సీలు తన గాడిలో ఈ గోడ నుంచి ఆ గోడకు గెంతాల్సి వస్తుంది. పైగా అది స్పార్క్ ప్లగ్ రంధ్రం మీదుగా కూడా దాటాలి. ఆ క్షణంలో గ్యాస్ పక్క గదిలోకి జారుకుంటుంది. మంట ఎప్పుడూ పెద్ద గదిలో ఒక వైపే రేగుతుంది, రెండో వైపు ఎప్పుడూ చల్లటి గాలే తగులుతుంది. ఇక గది వంకర పోకుండా ఎలా ఉంటుంది?

జపాన్ కార్ల కంపెనీ మాజ్దాలో ఇంజినీర్ కెనిచి యమమోటో బృందం తమ తొలి రోటరీ ఇంజిన్లను విప్పి చూస్తే గోడ మీద వరసగా గీతలు కనిపించాయి. సీలు వణకడం వల్ల పడినవి. వాటికి ‘దెయ్యం గోళ్లు’ అని పేరు పెట్టుకున్నారు. కార్బన్, అల్యూమినియం కలిపిన సీలుతో గండం గట్టెక్కి 1967లో కాస్మో స్పోర్ట్ కారును తెచ్చారు. అదే ఏడాది జర్మనీలో ఎన్‌ఎస్‌యూ కంపెనీ రో 80ని విడుదల చేసింది. 1968 యూరప్ కార్ ఆఫ్ ది ఇయర్ అదే. కానీ సీళ్లు అరిగి, వారంటీ కింద ఇంజిన్లు మార్చిచ్చీ మార్చిచ్చీ కంపెనీ చితికిపోయింది. రో 80 ఓనర్లు రోడ్డు మీద ఎదురుపడితే చేతివేళ్లు ఎత్తి చూపించుకునేవారట, ఇప్పటికి ఎన్ని ఇంజిన్లు మారాయో చెప్పడానికి!

గుండ్రాన్ని కొంచెమే వదిలిన హోండాకూ చుక్కలు కనిపించాయి. 1979 నాటి ఎన్‌ఆర్500 రేసు బైకులో పిస్టన్లు కోలగా ఉండేవి. సిలిండర్‌కు ఎనిమిది వాల్వులు పట్టించాలని ఆ తిప్పలు. గుండ్రటి రింగు అన్ని వైపులా ఒకేలా విచ్చుకుంటుంది, కోల రింగుకు పక్కల దగ్గర ఆ బిగువు రాదు. తొలి రేసులో రెండు బైకులూ మధ్యలోనే ఆగిపోయాయి. ఎన్‌ఆర్500 ఒక్క గ్రాండ్ ప్రీ కూడా గెలవలేదు. 1983లో హోండాకు టైటిల్ తెచ్చిన ఎన్‌ఎస్500 మామూలు గుండ్రటి పిస్టన్ల టూ స్ట్రోక్.

సిలిండర్‌ను గుండ్రంగానే ఉంచి మిగతాది మార్చినవాళ్లు కాస్త నయం. ఒకే సిలిండర్‌లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదిలే యుంకర్స్ విమాన డీజిల్ ఇంజిన్, అదే పద్ధతిలో మూడు క్రాంక్‌షాఫ్టులతో నడిచే నేపియర్ డెల్టిక్ ఇంజిన్ నిజంగా పనిచేశాయి. రైళ్లనూ ఓడలనూ నడిపిన డెల్టిక్‌ను చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. వాటికీ చిక్కులున్నాయి. ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ విపరీతంగా కాలుతుంది, గాలి, పొగ వచ్చిపోయే గోడలోని రంధ్రాలను దాటే ప్రతిసారీ రింగులు నలుగుతాయి. నిస్సాన్ కంప్రెషన్‌ను, అంటే సిలిండర్‌లోని గాలిని ఎన్ని రెట్లు కుదించాలన్న నిష్పత్తిని, 8 నుంచి 14 దాకా మార్చే ఇంజిన్‌ను తెచ్చింది. అందుకు క్రాంక్ దగ్గర అదనపు లింకులు, వాటికి అదనపు బేరింగులు. 2025లో అమెరికాలో ఆ రకం ఇంజిన్లున్న 4 లక్షలకు పైగా వాహనాలను బేరింగుల అనుమానంతోనే రీకాల్ చేశారు.

‘కదిలే భాగాలు తక్కువ’ అన్న ప్రచారాన్ని అందుకే నేను పెద్దగా పట్టించుకోను. లిక్విడ్‌పిస్టన్ అనే అమెరికన్ సంస్థ మాత్రం సరైన చోటే చెయ్యి పెట్టింది. వాంకెల్‌ను తిరగేసి, మూలల సీళ్లను రోటరు మీద కాకుండా కదలని గోడలో పెట్టింది. దాంతో వాటికి నేరుగా ఆయిల్ అందించొచ్చు.

మాజ్దా 2023లో రోటరీని మళ్లీ తెచ్చింది. ఈసారి చక్రాలను తిప్పడానికి కాదు, ఎంఎక్స్-30 కారులో బ్యాటరీకి కరెంటు అందించే జనరేటర్‌గా. సింగిల్ రోటరు, 830 సీసీ. అరుగుదల తగ్గాలని ఎపెక్స్ సీలు మందాన్ని 2 మిల్లీమీటర్ల నుంచి 2.5కి పెంచారు.