జెండా కొందరికేనా?

ఆటలోకి రాజకీయాలు తేవొద్దని క్రీడాపెద్దలు మళ్లీ మొదలుపెట్టారు. 2025 సెప్టెంబరులో సియోల్‌లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ ఓటింగ్ పెట్టి ఉక్రెయిన్ యుద్ధం కారణంగా రష్యా, బెలారస్‌లపై పెట్టిన ఆంక్షలు ఎత్తేసింది. వాళ్లు తీశారు కాబట్టి బాస్కెట్‌బాల్ వంటి జట్టు ఆటల్లోనూ తలుపు తీయాలట. ప్రభుత్వం చేసిన తప్పుకు ఆటగాణ్ని శిక్షించకూడదన్న మాటలో న్యాయం లేకపోలేదు, అందుకే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొందరు జెండా లేకుండా వ్యక్తులుగా ఆడారు, ఆడనివ్వండి. మా అభ్యంతరమంతా జట్టు మీద, జెండా మీద.

జాతీయ జట్టంటే ఏమిటో లిథువేనియాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 1937, 1939లలో యూరప్ బాస్కెట్‌బాల్ ఛాంపియన్ ఆ చిన్న దేశమే. 1940లో సోవియట్ యూనియన్ దాన్ని కలిపేసుకుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన సోవియట్ జట్టులో సబోనిస్, మార్చులియోనిస్, కుర్తినైతిస్, హోమిచుస్ నలుగురూ లిథువేనియన్లే, పైకి లేచింది మాత్రం మాస్కో జెండా. అప్పుడు ఆటలో రాజకీయం ఉందని ఈ పెద్దల్లో ఎవరికీ అనిపించలేదు!

1991 జనవరిలో, అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న లిథువేనియా రాజధాని విల్నియస్‌లో, టీవీ టవర్ దగ్గర సోవియట్ సైన్యం చేతిలో 14 మంది పౌరులు చనిపోయారు. ఏడాదిన్నర తర్వాత బార్సిలోనా ఒలింపిక్స్‌లో అదే నలుగురు సొంత దేశం పేరుతో కాంస్యం కోసం దిగితే, ఎదురుగా నిలిచింది మాజీ సోవియట్ రిపబ్లిక్కుల ఉమ్మడి జట్టు. స్కోరు 82-78, గెలుపు లిథువేనియాది. చేతిలో డబ్బుల్లేని ఆ జట్టుకు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బ్యాండ్ సాయం చేసింది. అస్థిపంజరం బొమ్మ ఉన్న పసుపు, ఆకుపచ్చ, ఎరుపు టీషర్టులు, అంటే తమ జెండా రంగులు, వేసుకునే వాళ్లు పోడియం ఎక్కారు. దేశాధినేత లాండ్స్‌బెర్గిస్ లాకర్ రూముకు వెళ్లి ఆటగాళ్ల మధ్య షాంపేన్‌లో తడిసిపోయారు. అది ఉత్త ఆటేనా? 1948లో లండన్‌లో బ్రిటన్‌ను 4-0తో ఓడించి హాకీ స్వర్ణం తెచ్చుకున్న మనకు ఆ మాట చెప్పి ఒప్పించగలరా?

జెండా విలువ తెలుసు కాబట్టే పెద్ద దేశాలు దానికోసం అంత పట్టుబడతాయి. చిన్న దేశం నోరెత్తితే అది రాజకీయం, పెద్ద దేశం పొరుగువాడి ఊళ్లు లాక్కుని జెండా పట్టుకొస్తే అది క్రీడాస్ఫూర్తి. ఈ రెండు నాలుకల వ్యవహారమే మమ్మల్ని మండిస్తోంది. ఈసారి ఒప్పుకుంటే రేపు ఇంకో పొరుగుదేశాన్ని మింగినవాడు కూడా కొన్నేళ్లు ఓపిక పట్టి ఇదే దారిన వస్తాడు, ఆపడానికి అప్పుడు ఏ ముఖం పెట్టుకుంటారు?

ఉక్రెయిన్ ప్రాంతాలైన డోనెట్స్క్, లుహాన్స్క్, ఖేర్సన్, జాపొరిజ్జియాల క్రీడా సంఘాలను తనలో కలిపేసుకున్నందుకే కదా 2023 అక్టోబరులో రష్యా ఒలింపిక్ కమిటీని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సస్పెండ్ చేసింది! జెండా గురించి మాట్లాడే ముందు ఆ నాలుగు ప్రాంతాల సంఘాలను ఉక్రెయిన్‌కు తిరిగి అప్పగించమని మాస్కోను అడగండి. ఆ ధైర్యం లేకపోతే క్రీడాస్ఫూర్తి పేరెత్తకండి.