గాడోలినియం గారికి విన్నపం

ఎంఆర్‌ఐ బొమ్మలు స్పష్టంగా కనిపించడానికి కాంట్రాస్ట్ మందులో వాడే లోహం, మహారాజశ్రీ గాడోలినియం గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా 7 టెస్లాల అయస్కాంత బలం (ఫీల్డు) ఉన్న మెషీన్ దగ్గర కూర్చున్నాను. ఆ స్లాట్ కోసం మూడు నెలలు ఆగాను. తమరిని ఆరు ట్యూబుల్లో కొలిచి పోసి, బుడగలు పోయేదాకా గోటితో తట్టి, పారాఫిల్మ్ చుట్టి, పసిపాపల్ని పడుకోబెట్టినట్టు లోపల పెట్టాను. తీరా చూస్తే 0.47 టెస్లా దగ్గర 20 దాటిన తమరి రిలాక్సివిటీ (పక్కనున్న నీటిని బొమ్మలో ఎంత బాగా మెరిపిస్తారో ఆ కొలత) ఇక్కడ 5 కూడా లేదు. ఆపరేటర్ గారు టీ తాగుతూ "నీళ్ళ ట్యూబులు పెట్టలేదు కదా?" అన్నారు.

తమరికి జత లేని ఎలక్ట్రాన్లు ఏడు. అంత ఆస్తి ఉండీ నా పంజరంలో (తమరిని పట్టి ఉంచే అణువులో) ఒక్క నీటి అణువుకే పీట వేస్తారు. గాడోపిక్లెనాల్ అనే మరో గాడోలినియం మందు వారింట్లో మాత్రం రెండు పీటలు! 2022లో అమెరికాలో అనుమతి, సగం డోసుకే పని. 2006లో కిడ్నీ రోగుల చర్మం బిగదీసిన సంగతి, 2014లో మెదడులో అద్దె ఖాళీ చెయ్యకుండా దొరికిపోయిన సంగతి ఇప్పుడు ఎత్తను. కాంట్రాస్ట్ అనగానే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) రిపోర్ట్ అడిగించుకునే మర్యాద తమరికీ ఉంది.

నా బాధ గుదిబండ గురించి. తమరు నీళ్ళలో గిరగిరా తిరిగిపోతారు, అందుకే పక్కనున్న నీటి ప్రోటాన్లకి సరిగ్గా పని చెప్పలేరు, కాస్త నెమ్మదించాలి అని తెలిసినవాళ్ళు అన్నారు. సరేనని ఏడాదిన్నర కూర్చుని ఇంత లావు ప్రొటీన్ తెచ్చి మెడకి కట్టాను. తక్కువ ఫీల్డులో బుద్ధిగా వెలిగారు. ఫీల్డు పెరిగేసరికి ప్రోటాన్ల లయ వేగం పెరిగిందట, ఇప్పుడు మరీ నెమ్మదిగా తిరగడమే తప్పట! చిన్నగా ఉంటే తొందరెక్కువ, పెద్దగా ఉంటే బద్ధకం, మధ్యరకం కావాలట. పెళ్ళిచూపులా ఇవి?

అసలు నువ్వు పనిచేస్తున్నావా? ఫీల్డు పెరిగితే టిష్యూల టీ1 (ప్రోటాన్లు మళ్ళీ మామూలు స్థితికి రావడానికి పట్టే సమయం) దానంతటదే సాగి నీ పరువు కాపాడుతోంది. అది సాగబట్టే నువ్వు కాస్త చేసినా బొమ్మలో బాగా కనిపిస్తోంది. నా ట్యూబుల్లో టిష్యూ లేదు, నువ్వూ నీళ్ళే. దొరికిపోయావు.

రాత్రి గైడ్ గారు "వాల్యూ ఎంత?" అని మెసేజ్ పెట్టారు. బ్లూ టిక్ పడకుండా పైనుంచే చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను.

మాంగనీసు దగ్గరికి పోదామంటే దానికి జత లేని ఎలక్ట్రాన్లు అయిదే. అందుకే పొద్దున్నే ల్యాబ్‌కి వచ్చి ప్రొటీన్ పక్కన పెట్టి చిన్న లింకర్ (అతికించే అణువు) తూకం వేశాను. నిన్నటి ఆరో ట్యూబు పారబోయలేదు. ఫ్రిజ్‌లో రెండో అరలో ఉంది, లేబుల్ మీద నీ పేరే.

ఇట్లు,
మళ్ళీ మూడు నెలలకి స్లాట్ దొరికిన రీసెర్చ్ స్కాలర్