ఐదో తీగ శ్రుతి కలిసేలోగా

మొన్న మన తెలుగు సంఘం జరిపిన ఉగాది సభకు వచ్చినవారందరి కళ్లముందే జరిగినా ఈ సంగతి చాలామందికి గుర్తుండకపోవచ్చు, ఎందుకంటే అప్పటికి మనలో ఎక్కువమంది భోజనాల హాలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాం. పంచాంగ శ్రవణం, పిల్లల కూచిపూడి, దాతల సన్మానం ముగిశాక, కార్యక్రమ పత్రంలో 'స్థానిక జానపద సంగీతం' అని ఒక్క వరుసలో వేసిన అంశం కోసం మా పొరుగింటి పెద్దాయన బాంజోతో, ఆయన భార్య వట్టి చేతులతో వేదిక ఎక్కారు. సరిగ్గా అప్పుడే ఎవరో భోజనాలు మొదలయ్యాయని కేక వేశారు.

ఇక్కడి అపలాచియన్ కొండల బాంజో బాణీలో పాటకూ పాటకూ మధ్య తరచు తీగల శ్రుతినే మార్చుకోవలసి వస్తుంది. పొట్టిగా ఉండే ఐదో తీగ బొటనవేలి కింద మన తంబూరాలాగా ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి, అది కుదరనిదే పాట కుదరదు. మొదటి పాట తర్వాత ఆయన తల వంచి మరలు తిప్పుకుంటున్న ఆ నిమిషాన్ని మన వ్యాఖ్యాత ఖాళీ సమయమనుకుని, తెల్ల హోండా ఒకటి దారికి అడ్డంగా ఉందనీ, రాఫిల్ టికెట్లు ఇంకా మిగిలాయనీ ప్రకటించారు. ఆ తర్వాత ఆమె వాద్యం లేకుండా ఒక పాత కథాగేయం ఎత్తుకున్నారు. మూడో చరణంలో పక్కనుంచి ఒకరు గడియారం చూపించారు. మొత్తం ఎనిమిది నిమిషాలు. శాలువాలు మాత్రం ఘనంగా కప్పాం.

ఆమె పాడింది మన నార్త్ కరోలినా కొండల్లోని మాడిసన్ కౌంటీ పాట. 1916లో సెసిల్ షార్ప్ అనే ఇంగ్లీషు సంగీత సేకర్త సముద్రం దాటి ఆ లోయలకు వచ్చి, ఇంటింటి అరుగు మీద కూర్చుని రాసుకున్న పాటల కోవలోది. అమ్మమ్మ ఎదుట మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని నేర్చుకునే పద్ధతి అక్కడ ఇంకా పోలేదు. మా అమ్మమ్మ దంపుడు పాటలు ఎవరూ రాసుకోలేదు, అందుకే నాకు ఈ అసూయ. ఇక బాంజో మూలం ఆఫ్రికాలో సొరకాయ బుర్రతో చేసుకున్న వాద్యాలు. బానిసలుగా తెచ్చినవారి చేతుల మీదుగా అది ఈ దేశానికి చేరింది. మన పన్నెండు మెట్ల కిన్నెరకూ గుమ్మడో సొరో ఎండబెట్టిన బుర్రలే కదా! దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు రెండు రోజులు వాట్సాప్‌లో పొంగిపోయినవాళ్లమే, కళ్లముందు ఆ వాద్యానికి దాయాది మోగుతుంటే ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడ్డాం. నిలబడ్డామని ఎందుకు అంటున్నానంటే, ఆ వరుసలో మొదటి రెండు నిమిషాలు నేనూ ఉన్నాను.

ఆ దంపతులు మాకు ఏమవుతారో తెలియాలంటే 2024 సెప్టెంబరు 27 గుర్తు చేసుకోవాలి. హెలీన్ తుఫానుకు ఫ్రెంచ్ బ్రాడ్ నది పొంగి యాష్‌విల్‌లో చిత్రకారులు, కుమ్మరులు పనిచేసుకునే రివర్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్‌లో చాలా భాగాన్ని ముంచింది. ఊరి కుళాయిల్లో తాగదగిన నీరు తిరిగి వచ్చేసరికి నవంబరు 18 అయింది. మా వీధికి అడ్డంగా పడిన చెట్లను మూడో రోజున రంపంతో కోసి దారి చేసింది ఈ పెద్దాయనే. తమ కొండవాలు ఊటనుంచి మాకు బిందెల లెక్కన నీళ్లు మోసిందీ ఆయనే. మన సంఘం చార్లెట్ నుంచి నీళ్లసీసాలు, బియ్యం, పాలపొడి పంపిన మాట నిజమే, అది చిన్న పనేమీ కాదు. కానీ అవి మా ఇంటిదాకా వచ్చింది ఆయన తెరిచిన దారి మీదనే.

మరుసటి శరత్తులో మా అమ్మ నల్లగొండ నుంచి వచ్చినప్పుడు, వాళ్ల వసారాలో చిక్కుడుకాయలు దారానికి గుచ్చి దండల్లా వేలాడుతుంటే చూసి ఆగిపోయింది. "ఇవి మన వరుగులే గద బిడ్డా" అంది. ఇక్కడివారు వాటిని 'లెదర్ బ్రిచెస్' అంటారు. ఎండాక తోలులా ముడుచుకుంటాయి. చలికాలంలో నానబెట్టి, పంది కొవ్వు ముక్క వేసి గంటల తరబడి ఉడికిస్తారు. అమ్మకూ, పెద్దాయన భార్యకూ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఆ మధ్యాహ్నమంతా కూర్చుని కాయలు గుచ్చారు. ఉగాదికి ఆమె కొవ్వు వేయకుండా, మనలో శాకాహారులుంటారని నన్ను రెండుసార్లు అడిగి మరీ, ఒక కుండెడు వండి తెచ్చారు. అది బల్ల చివర, పెరుగు తర్వాత, చేతులు తుడుచుకునే కాగితాల పక్కన దక్కిన చోట కూర్చుంది. సగానికి పైగా వెనక్కి వచ్చింది. అమ్మ ఫోన్‌లో "ఆమె వరుగులు అందరు మెచ్చుకున్నరా?" అని అడిగితే, అయిపోయాయమ్మా అని అబద్ధం చెప్పాను.

కార్యవర్గాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మూడు నెలలు సాధన చేసిన పిల్లలకు వేదిక ఇవ్వాలి, హాలు అద్దె కట్టిన దాతను పిలవాలి, రెండు గంటల ప్రయాణం చేసి వచ్చిన పసిపిల్లల తల్లికి వేళకు అన్నం పెట్టాలి. పెళ్లిలో తలంబ్రాలు పడుతుండగానే బంతి మీద కన్నువేసే జాతి మనది. ఆ ఆత్రాన్ని నేను ప్రేమిస్తాను కూడా, అతిథి ఆకలితో వెళ్లకూడదన్న మర్యాదకు అది తోబుట్టువే. అయితే, వచ్చిన అతిథి పాట మధ్యలో ఉన్నప్పుడు మనం లేచిపోవడాన్ని ఏ మర్యాద కింద జమకట్టాలి? మన పిల్లల అరంగేట్రంలో పొరుగు అమెరికన్లు మూడు గంటలు కదలకుండా కూర్చుంటే మురిసిపోయి ఫొటోలు పెట్టుకుంటామే!

నిజానికి ఈ కొండ మనకు ఆకులు రంగు మారే రెండు వారాల తెర. కొండల మీదుగా సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు మీద 382వ మైలు దగ్గర ఫోక్ ఆర్ట్ సెంటర్ ఉంది. 1930లో ఏర్పడిన చేతిపనివారి సంఘం నడిపే ఆ చోటు మనలో చాలామందికి బాత్రూముల కోసం ఆగే మజిలీ. పైన నేతగాళ్లు, బుట్టలల్లేవారు ఉంటారని చెబితే, ధరలు ఎక్కువండీ అంటారు. పోచంపల్లి చీర విషయంలో షాపువాడు మనతో ఇదే మాట పడతాడు, కాబట్టి పక్షపాతమైతే లేదు.

నేను అడిగేది కొంచెమే. వచ్చే దీపావళి సభలో ఆ దంపతులకు భోజనాలకు ముందు అరగంట ఇవ్వండి. ఆయన శ్రుతి చేసుకుంటున్నప్పుడు మైకు ఆపి ఉంచండి. కుండను పులిహోర పక్కన పెట్టి, దాని మీద తెలుగులో 'వరుగులు' అని రాయండి, చాలు. వారు మళ్లీ వస్తారో లేదో నేను అడిగి చెబుతాను. ఆ మాట ఎత్తడానికి ఇంకా మొహం చెల్లలేదు.

ఈలోగా అక్టోబరులో వాళ్ల బంధువుల పొలంలో సార్గమ్ పాకం కాస్తారు. అది మన జొన్న జాతిదే, చెరకులా తీపి కర్ర ఉన్న రకం. గానుగాడిన పది గ్యాలన్ల రసం పొడవాటి పెనంలో మరిగి, పచ్చని నురగ తీసేకొద్దీ చిక్కబడి, ఇంచుమించు ఒక్క గ్యాలన్ అవుతుంది. అనకాపల్లి వైపు బెల్లం వండటం చూసినవారికి ఆ వాసన కొత్త కాదు. ఆ రోజంతా అక్కడ ఎవరో ఒకరు వాయిస్తూనే ఉంటారు. నన్ను పిలిచారు. కారులో నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి. భోజనం మాత్రం పాకం దిగాకే.