చూడకుండా కాపాడుకుందాం

శ్రీకాకుళం జిల్లావాసులు తమ వారసత్వ సంపదను పట్టించుకోరని బయటివాళ్ళు వేసే నింద పూర్తిగా నిరాధారమైనది. పట్టించుకోకపోవడం వేరు, పట్టించుకోనట్టు కనిపిస్తూనే తరతరాలుగా ఒక సంరక్షణ విధానాన్ని నిష్ఠగా అమలు చేయడం వేరు. జనం విరివిగా వెళ్ళే ఏ కోట గోడ చూసినా ప్రేమికుల పేర్లు బాణం గుర్తుతో సహా చెక్కి ఉంటాయన్నది దేశమంతా ఎరిగిన సంగతే. ఎవరూ వెళ్ళని చోట ఎవరి పేరూ ఉండదు. ఈ సూక్ష్మాన్ని పురావస్తు శాఖ కంటే ముందే గ్రహించినవాళ్ళం మనం. అందుచేత ఈ విధానానికి తగిన గుర్తింపు, వీలైతే శాలువాతో కూడిన సత్కారం, జరగవలసి ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

దేశ సంస్కృతిని తెలుసుకోవాలంటే ముందు జిల్లా పొలిమేర దాటాలన్నది ఇందులో మొదటి నియమం. వేసవి సెలవుల్లో మన పట్నం నుంచి పూరీ, కోణార్క యాత్రకు బయల్దేరే టూరిస్టు బస్సునే తీసుకుందాం. పులిహోర డబ్బాలతో, మందుల సంచులతో రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లవారాక పూరీలో సముద్రస్నానం చేస్తారు. కళింగపట్నంలోనూ, బారువలోనూ ఉన్నది ఆ బంగాళాఖాతమే అయినా, ఇంటికి దగ్గరగా మునిగితే పుణ్యం అంటదు. తరువాత జగన్నాథుడి గుడి ముందు గైడు నిలబడి, ఈ ఆలయాన్ని 12వ శతాబ్దంలో గంగవంశపు రాజు అనంతవర్మ చోడగంగ దేవుడు కట్టించాడని చెబుతాడు. మనవాళ్ళు తలలూపుతారు. మధ్యాహ్నం కోణార్కలో ఇంకో గైడు, ఈ సూర్య దేవాలయాన్ని ఆ వంశానికే చెందిన నరసింహదేవుడు 13వ శతాబ్దంలో కట్టించాడని చెబుతాడు. మళ్ళీ తలలూపుతారు. ఆ రాజులు పూర్వం ఏ ఊరి నుంచి ఏలేవారని బస్సులో ఒక్కరు నోరు తెరిచి అడిగితే చాలు, వంశధార ఒడ్డున ఉన్న కళింగనగరం నుంచి అనీ, అదే నేటి ముఖలింగమనీ, 1078లో చోడగంగుడు గద్దెనెక్కినప్పటి రాజధాని అదేననీ గైడు చెప్పక తప్పదు. అంటే బస్సు బయల్దేరిన చోటికి యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న ఊరి రాజుల సంగతి వినడానికి, తలకు ఇన్ని వేలు కట్టి పక్క రాష్ట్రం దాకా వచ్చామని తేలిపోతుంది. ఆ అనర్థం జరగకూడదనే మనవాళ్ళు ప్రశ్నలు అడగరు. దీన్ని అజ్ఞానమనడం అన్యాయం, ఇది కేవలం మర్యాద.

మొక్కు ఉన్నచోటికి వెళ్ళవచ్చునన్న మినహాయింపు ఒకటి ఉంది. రథసప్తమికి అరసవల్లి వెళ్తాం, శ్రీకూర్మం వెళ్తాం. వెళ్ళినా చూడం. శ్రీకూర్మనాథుడి మండప స్తంభాల మీద వందకు పైగా శాసనాలున్నాయి. ఎవరు ఏ దీపానికి ఎంత దానమిచ్చారో రాళ్ళ మీద నిలువునా రాసి ఉంది. వరుసలో నిలబడి అలసిన భక్తుడు సరిగ్గా ఆ అక్షరాలకే వీపు ఆన్చి, ఫోనులో హంపీ వీడియో చూసి ‘అబ్బ, ఏం శిల్పం!’ అనుకోవడం నేను కళ్ళారా చూశాను.

శాలిహుండం దగ్గర మన విధానం శిఖరాన్ని అందుకుంది. వంశధార పక్కన కొండ మీద ఉన్న ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు గారు. (వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి కనుగొన్న కొండ గురించి ఇంత బిగువు తెలుగులో రాయవలసి రావడం నాకూ కొంత ఇబ్బందిగానే ఉంది.) స్తూపాలు, చైత్యాలు, అస్థికలు దాచిన ధాతుపేటికలు, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు బయటపడిన ఆ కొండకు మనం కార్తీక మాసంలో వనభోజనాలకు వెళ్తాం. ఒకసారి పక్క బంతిలో జరిగిన సంభాషణ ఇది.

“ఏటి బావా, గుండ్రంగా ఈ ఇటికలు?”

“పాత బట్టీ అయ్యుంటాది లేరా. పప్పు ఇటు పంపు.”

రెండు వేల ఏళ్ళ చరిత్రను ఇంత క్లుప్తంగా పరిష్కరించడం ఏ విశ్వవిద్యాలయానికి సాధ్యమవుతుంది?

చేతిపనుల విషయంలోనూ మన నిగ్రహం మెచ్చుకోదగినదే. పొందూరులో ఆడవాళ్ళు నేల మీద కూర్చుని, వాలుగ చేప దవడ ఎముకను చేత్తో పట్టుకుని, దాని సన్నని పళ్ళతో గింజనంటిన పత్తిని దువ్వుతారు. పోగులన్నీ ఒకే దిక్కుకు తిరిగి, నలుసు లేకుండా తేలేవరకూ ఆ చెయ్యి ఆగదు. ఆ తరువాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద నూరో నంబరు దారం, అంటే అతి సన్నని నూలు, వడకడం. చూస్తే ఒక పూట పోతుంది, పైగా ఆ పనికి ముట్టే కూలి ఎంతని అడగాలనిపిస్తుంది. అందుకని మనం జైపూర్ వెళ్ళి, మరమగ్గం దుప్పటిని చేనేత అనుకుని గంటసేపు బేరమాడి తెచ్చుకుంటాం. పొందూరు పంచె ఎలాగూ ఎన్నికల సభల్లో వేదిక మీద కనిపిస్తూనే ఉంటుంది. విజయనగరం జిల్లావాళ్ళు మనకేమీ తీసిపోలేదు. పనస చెక్కతో చేసే బొబ్బిలి వీణను గాజుపెట్టెలో పట్టేంత చిన్నది చేయించి, మంత్రులకు బహూకరిస్తున్నారు. వాయించమని ఎవరూ అడగలేని వీణ అది.

తేలినీలాపురం పక్షులకు మాత్రం ఈ క్రమశిక్షణ బొత్తిగా లేదు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా చలికాలానికి ముందే టెక్కలి పక్కనున్న ఆ ఊరికి వచ్చి, చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని నెలల తరబడి ఉండిపోతాయి. అవి రాకపోతే అరిష్టమని ఊరివాళ్ళు వాటి మీద ఈగ వాలనివ్వరు. అదే సమయంలో మన కుటుంబాలు పక్షుల పార్కు చూడటానికి సింగపూర్ విమానం ఎక్కుతాయి కనుక, ఇరుపక్షాలకూ ఎదురుపడే ప్రమాదం తప్పుతోంది.

ఇంత పకడ్బందీ విధానానికి ఈ మధ్య ఒక ముప్పు వచ్చిపడింది. ఒకానొక సర్కారు బడి మాస్టారు పిల్లలను శాలిహుండం తీసుకెళ్ళి, భోజనాలకు ముందే కొండంతా తిప్పారట. ఇటుకలను బండి చక్రంలా ఎందుకు పేర్చారని ఒక పిల్ల అడిగితే, గద్దించి కూర్చోబెట్టక, ధర్మచక్రం గురించి అరగంట చెప్పారట. ఆ పిల్లలిప్పుడు ఆదివారం ముఖలింగం తీసుకెళ్ళమని ఇళ్ళలో సతాయిస్తున్నారు, ఒక తండ్రి నిజంగానే తీసుకెళ్ళాడని కూడా వినికిడి. సంబంధిత అధికారులు జాప్యం చేయక, ఆ మాస్టారిని ఓటర్ల జాబితా సవరణకో, బడి మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లో ఎక్కించే పనికో పూర్తికాలం మళ్ళించవలసిందిగా కోరుతున్నాను.