బంతి ఎప్పుడు వదలాలి: శాస్త్రి, స్మిత్

తొలి టెస్టులో రవి శాస్త్రి బ్యాటింగ్‌కి దిగింది పదో నంబరులో. ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్ ఎనిమిదో నంబరులో. ఇద్దర్నీ సెలెక్టర్లు పిలిచింది స్పిన్ వేస్తారనే. తర్వాత శాస్త్రి సిడ్నీలో ఓపెనర్‌గా 206 కొట్టాడు. స్మిత్ శ్రీలంకలోని గాలేలో పది వేల టెస్టు పరుగులు పూర్తి చేశాడు. అందుకే బౌలర్లుగా వచ్చి బ్యాటర్లయినవాళ్లంటూ ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తుంటారు. కట్టకూడదు. శాస్త్రి చేతిలోంచి బంతి తీసుకోవాల్సినంత త్వరగా తీసుకోలేదు. స్మిత్ చేతిలో అసలు పెట్టకుండా ఉండాల్సింది.

ముందు శాస్త్రి సంగతి. 1981 ఫిబ్రవరిలో లెఫ్టార్మ్ స్పిన్నర్ దిలీప్ దోషికి దెబ్బ తగిలితే, పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని హుటాహుటిన న్యూజిలాండ్‌కి పంపించారు. వెల్లింగ్టన్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు బంతుల్లో మూడు వికెట్లు తీసి చివరి బ్యాటర్ల తోకను కత్తిరించేశాడు. మ్యాచ్ మొత్తమ్మీద ఆరు వికెట్లు. అంటే వచ్చింది నిఖార్సైన బౌలరే, సందేహం లేదు.

కాకపోతే ఎలాంటి బౌలర్? పొడుగు మనిషి, చెయ్యి బాగా ఎత్తు నుంచి వస్తుంది. బంతికి గాలిలో పెద్దగా ఊగిసలాట ఉండదు. చదునుగా, స్టంప్స్ మీదికి, ఓవరుకు రెండు పరుగుల లెక్కన పొద్దంతా వేయగలడు. ఒక పక్క కట్టేయడానికి ఇంతకంటే మంచివాడు దొరకడు. వికెట్ తీయాలంటే మాత్రం బ్యాటర్‌ని క్రీజు బయటికి రప్పించాలి, దానికి బంతి కంటికంటే పైకి లేచి కిందికి దిగాలి. శాస్త్రి బంతి లేవదు. కెరీర్ చివరికి 80 టెస్టుల్లో 151 వికెట్లు, సగటు 40.96. సుమారు 104 బంతులకు ఒక వికెట్. పదిహేడు ఓవర్లు వేస్తే ఒకటి పడ్డట్టు. ఇవి స్పెషలిస్టు స్పిన్నర్ అంకెలు కావు.

ఇక బ్యాటింగ్. 1982లో ఇంగ్లండ్‌లోని ఓవల్‌లో ఓపెనర్‌గా పంపితే 66 చేశాడు. 1982-83లో పాకిస్తాన్‌లో ఆరు టెస్టుల సిరీస్. ఇమ్రాన్ ఖాన్ ఆ సిరీస్‌లో 40 వికెట్లు పడగొట్టి మన బ్యాటింగ్‌ని ఊచకోత కోశాడు. చివరిదైన కరాచీ టెస్టులో గవాస్కర్‌తో పాటు శాస్త్రిని దింపారు. 128 కొట్టాడు. అక్కడితో తేలిపోవాల్సిన విషయం అది.

తేలలేదు. కెరీర్‌లో ఒకటి నుంచి పది దాకా అన్ని స్థానాల్లోనూ ఆడించారు. లెక్క చూడండి: ఓపెనర్‌గా 26 ఇన్నింగ్స్‌లో 1101 పరుగులు, సగటు 44.04, నాలుగు సెంచరీలు. మిగతా 95 ఇన్నింగ్స్‌లో సగటు 33 చిల్లర. ఆ నాలుగు సెంచరీలూ కరాచీ, లార్డ్స్, ఓవల్, సిడ్నీల్లో కొట్టినవే. ఒక్కటి కూడా సొంతగడ్డ మీద కాదు. కొత్త బంతి ఊగే చోట ఇలా ఆడినవాణ్ని ఆరులోనో ఏడులోనో ఎందుకు ఉంచారు? ఓపెనర్లుగా గవాస్కర్, శ్రీకాంత్ ఉన్నారు నిజమే. అంతకంటే పెద్ద కారణం శాస్త్రి వేయాల్సిన ఓవర్లు.

టెస్టులో ఇన్నింగ్స్ మారేటప్పుడు దొరికే వ్యవధి పది నిమిషాలు. ముప్పై, నలభై ఓవర్లు వేసి, భుజం బరువెక్కి, చూపుడు వేలి చర్మం కమిలి ఉన్న మనిషి ఆ పది నిమిషాల్లో ప్యాడ్లు కట్టుకుని కొత్త బంతి ముందు నిలబడాలి. కాళ్లు కదలవు. కదలకపోతే ఆఫ్‌స్టంప్ బయటి బంతికి బ్యాట్ వేలాడుతుంది, స్లిప్‌లో క్యాచ్ పోతుంది. టెస్టుల్లో స్పిన్నర్-ఓపెనర్లు అరుదుగా కనిపించేది అందుకే. వన్డేల్లో పది ఓవర్లతో పని అయిపోతుంది కాబట్టి ఈ బాధ లేదు. 1985లో ఆస్ట్రేలియాలో జరిగిన వరల్డ్ చాంపియన్‌షిప్‌లో ఇదే శాస్త్రి ఓపెనింగ్ చేసి 182 పరుగులు, బంతితో 8 వికెట్లు సాధించి, బహుమతిగా ఆడి (Audi) కారు పట్టుకెళ్లాడు.

అతని చపాతీ షాట్‌ని ఎగతాళి చేసినవాళ్లు చాలామంది. పెనం మీద చపాతీ తిప్పినట్టు, ప్యాడ్ మీదికొచ్చిన బంతిని మణికట్టుతో లెగ్‌సైడ్‌కి తిప్పేయడం. చూడ్డానికి అందంగా ఉండదు. కానీ బ్యాట్‌కీ ప్యాడ్‌కీ మధ్య సందు ఇవ్వకుండా, ఆఫ్ బయట బంతుల్ని వదిలేసి, ఒంటిమీదికి వచ్చినదాన్ని మాత్రమే ఆడటం ఓపెనర్‌కి కావాల్సిన అసలు గుణం. 1992 జనవరిలో సిడ్నీలో తొమ్మిది గంటలకు పైగా చేసింది అదే. ఆ మ్యాచ్‌లోనే తొలి టెస్టు ఆడిన ఆస్ట్రేలియా లెగ్‌స్పిన్నర్ షేన్ వార్న్ 150 పరుగులిచ్చి తీసిన ఒకే వికెట్ శాస్త్రిది, అదీ డబుల్ సెంచరీ అయ్యాక. ఆ ఏడాది డిసెంబర్‌లో చివరి టెస్టు ఆడేసరికి వయసు ముప్పై. మోకాలు సహకరించలేదు.

అదే వార్న్ 2007లో రిటైరయ్యాక ఆస్ట్రేలియాకి పట్టిన పిచ్చి వల్ల స్మిత్ స్పిన్నర్ అయ్యాడు. లెగ్‌బ్రేక్ వేయగల ప్రతివాడూ వాళ్ల కళ్లకి వార్న్ వారసుడే. 2008లో కామెరాన్ వైట్ అనే బ్యాటర్‌ని లెగ్‌స్పిన్నర్ పేరుతో భారత్‌కి తెచ్చి నాలుగు టెస్టులు ఆడిస్తే అయిదు వికెట్లు వచ్చాయి. బుద్ధి రాలేదు. 2010 జులైలో లార్డ్స్‌లో పాకిస్తాన్ మీద స్మిత్‌ని దించారు. మూడు వికెట్లు తీశాడు కూడా. తర్వాతి టెస్టులో హెడింగ్లీలో 77 కొట్టి, తను అసలు ఎవరో అప్పుడే చెప్పాడు. వినలేదు.

లెగ్‌స్పిన్ సగం సమయం పెట్టి చేసే పని కాదు. మణికట్టు తిప్పి వదిలే బంతి ఒకే లెంగ్త్‌లో పడాలంటే రోజూ నెట్స్‌లో వందల బంతులు వేయాలి. లేకపోతే ఓవర్‌కి ఒక ఫుల్‌టాస్, ఒక పొట్టి బంతి తప్పవు. టీ20లో బ్యాటర్ ఎలాగూ గుడ్డిగా కొడతాడు కాబట్టి చెల్లుతుంది. 2010 టీ20 ప్రపంచకప్‌లో స్మిత్‌కి 11 వికెట్లు వచ్చింది అలాగే. టెస్టు బ్యాటర్ మంచి బంతుల్ని ఆపి, ఆ ఫుల్‌టాస్ కోసం, పొట్టి బంతి కోసం కాచుకుంటాడు.

2010-11లో ఇంగ్లండ్‌తో ఆడిన యాషెస్ సిరీస్ తర్వాత తీసేశారు. 2013 మార్చిలో మొహాలీలో తిరిగొచ్చింది బ్యాటర్‌గానే, 92 చేశాడు. ఆగస్టులో ఓవల్‌లో సిక్సర్‌తో తొలి సెంచరీ. డిసెంబర్‌లో పెర్త్‌లో అడ్డంగా వెనక్కి జరిగే అలవాటు మొదలైంది. బౌలర్ వదలబోయే క్షణానికి వెనక కాలు ఆఫ్‌స్టంప్ దగ్గరికి చేరుతుంది, కుడి కన్ను సరిగ్గా ఆ స్టంప్ గీత మీద ఉంటుంది. కంటికి బయట కనిపించిందల్లా వదిలేయొచ్చు. లోపల ఉన్నది లెగ్‌సైడ్‌కే. చూస్తే విడ్డూరం, లెక్క మాత్రం శాస్త్రిదే. 2019 యాషెస్‌లో నాలుగు టెస్టుల్లో 774 పరుగులు ఆ లెక్కతోనే వచ్చాయి.

మనకిప్పుడు ఇదంతా ఎందుకంటే, బ్యాటింగూ పేస్ బౌలింగూ చేసే విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబరులో దిగి 114 కొట్టాడు. 2025లో లార్డ్స్‌లో వేసిన మొదటి ఓవర్లోనే ఇద్దరు ఓపెనర్లనీ అవుట్ చేశాడు. అదే ఏడాది సొంతగడ్డ మీద వెస్టిండీస్ సిరీస్‌కి వచ్చేసరికి బంతి దాదాపు ఇవ్వనేలేదు. స్పిన్ పిచ్‌ల మీద నాలుగో సీమర్‌కి (పేస్ బౌలర్‌కి) పని ఉండదు, నిజమే. అలాంటప్పుడు ఆల్‌రౌండర్ పేరుతో జట్టులో ఉంచడం దేనికి? విదేశాల్లో రోజుకి పది, పన్నెండు ఓవర్లు వేయించండి, ఏడులో ఆడించండి. ఇక్కడ ఆడేటప్పుడు బ్యాటర్‌గా లెక్కేసి ఆరులో పంపండి, లేదా ఆ స్థానం ఇంకొకరికిచ్చి అతన్ని ఆంధ్ర తరఫున రంజీలో పైన ఆడుకోనివ్వండి.