ఓడ ఒకరిది, సోకు ఒకరిది

బాలి వెళ్ళి, స్కూబా డైవింగ్ అని వీపున సిలిండరు కట్టుకుని సముద్రంలో మునిగొచ్చిన మన కుర్రాళ్ళ గురించి కొందరు పెద్దలు చులకనగా మాట్లాడుతున్నారు. "గోదారి ఎండిపోయిందేంట్రా, డబ్బులిచ్చి అంతదూరం పోయి మునిగొచ్చావు?" అని నిలదీస్తున్నారు. ఈ ధోరణిని తీవ్రంగా ఖండించాల్సిన సమయం వచ్చింది. గోదావరిలో మునిగితే పుణ్యం వస్తుంది, కాదనను. ప్రొఫైల్ ఫొటో వస్తుందా?

బాలి ఈశాన్య తీరాన తులాంబెన్ అనే పల్లె ఉంది. ఒడ్డుకు ముప్పై నలభై మీటర్ల దూరంలో లిబర్టీ అనే అమెరికా సరుకుల ఓడ, 120 మీటర్ల పొడవున పక్కకి ఒరిగి పడుంది. పైభాగం అయిదు మీటర్ల లోతులోనే తగులుతుంది, అడుగుభాగం ముప్పై దాకా పోతుంది. నీళ్ళు ఏడాది పొడవునా వెచ్చనే. పడవ ఎక్కే పని కూడా లేదు, ఒడ్డు మీంచి నడుచుకుంటూ దిగిపోవచ్చు. మునిగిన ఓడల్లో ఇంత మర్యాదస్తురాలు దొరకడం కష్టం. అయినా ఇది సాహసమే, ఎందుకంటే బ్రోషర్లో అలాగే రాసి ఉంది.

ఈ సాహసానికి ఏర్పాట్లు చాలా ముందే మొదలయ్యాయి. 1942 జనవరి 11న లోంబోక్ జలసంధిలో జపాన్ జలాంతర్గామి ఐ-166 ఈ ఓడను టార్పెడోతో కొట్టింది. ఓడలో రైల్వే సామాను, రబ్బరు ఉన్నాయి. ఒక అమెరికా యుద్ధనౌక, ఒక డచ్చి యుద్ధనౌక కలిసి దీన్ని సింగరాజ రేవు వైపు లాక్కెళ్ళాయి. దారిలోనే నీళ్ళు నిండిపోతుంటే తులాంబెన్ దగ్గర ఒడ్డుకెక్కించి వదిలేశారు. ప్రపంచ యుద్ధం నడుస్తున్నా సరే, ఎనభై ఏళ్ళ తర్వాత హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ దూరం ఈదలేరని ముందుచూపుతో ఆలోచించిన ఆ నావికులకు మనం రుణపడి ఉన్నాం.

ఆ తర్వాత 21 ఏళ్ళు ఓడ ఒడ్డునే ఉంది. సరుకు దింపేశారు, పనికొచ్చే సామాను ఊడదీశారు. ఆ రోజుల్లో దాన్ని చూడాలంటే సిలిండరు అక్కర్లేదు, డైవింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు, చెప్పులు చాలు. అందుకే ఎవరూ టిక్కెట్టు కొని చూడలేదు. మన విశాఖలోనూ ఇంతే. 2020 అక్టోబరులో 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ ఓడ గాలివానకి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జనం పోయి సెల్ఫీలు తీసుకున్నారు, దాన్ని హోటల్ చేద్దామని ఆలోచనలూ సాగాయి. కానీ అది ముంత మసాలా తింటూ చూసే ఓడ. సాహసానికి పనికిరాదు.

తులాంబెన్‌లో ఈ లోటు 1963లో తీరింది. పక్కనే ఉన్న ఆగుంగ్ అగ్నిపర్వతం బద్దలైంది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, ఊళ్ళు పోయాయి. ఆ కదలికల్లో ఓడ ఒడ్డు మీంచి సముద్రంలోకి జారింది. బ్రోషర్లు మొదటి సంగతి వదిలేసి రెండోది రాస్తాయి. మరీ తప్పు పట్టకూడదు, ఉన్న చోటంతా ఫొటోలకే చాలదు. ఓడ పేరు కూడా చాలామంది 'యూఎస్ఎస్ లిబర్టీ' అని రాసుకుంటారు. యూఎస్ఎస్ అనేది అమెరికా నౌకాదళం ఓడలకి పెట్టే గుర్తు. ఇది నౌకాదళానిది కాదు, సైన్యం వాడుకున్న రవాణా ఓడ. యుద్ధనౌక అంటేనే కదా కామెంట్లు వస్తాయి.

ఇక మన వీరుడి దగ్గరికి వద్దాం. మనిషి మామూలుగా నీళ్ళలో తేలతాడు కాబట్టి నడుముకి సీసం బరువులు కడతారు. సీసం కడితే మునిగిపోతాడు కాబట్టి గాలి నింపే జాకెట్ తొడుగుతారు. సిలిండర్లో ఆక్సిజన్ ఉంటుందని ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు గానీ, అది ఒడ్డున ఊరికే దొరికే గాలే. కుక్కి నింపినందుకే డబ్బులు. శిక్షణ లేనివాళ్ళని 12 మీటర్లు దాటనివ్వరు. అదీ ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి సిలిండరు పట్టుకుని, పెళ్ళికొడుకుని పీటల మీదికి నడిపించినట్టు నడిపిస్తాడు. లోపల మాట్లాడటం కుదరదు. తెలుగువాడికి అసలు సాహసం ఇదేనని నా అభిప్రాయం. పోనీ సైగలు చేద్దామంటే, బొటనవేలు పైకెత్తితే 'సూపర్' అని కాదు, 'నన్ను పైకి తీసుకుపో' అని అర్థం. ఓడ చూసి ఉబ్బిపోయి వేలెత్తినవాళ్ళు ఓడ సగంలోనే పైకొచ్చేస్తారు.

నీళ్ళలో మాస్కు లోంచి చూస్తే ఏదైనా మూడోవంతు పెద్దగా కనపడుతుంది. మిగతా పెంపు ఒడ్డుకొచ్చాక మన ఇష్టం. ఎరుపు రంగు కొద్ది మీటర్ల లోతుకే మాయమైపోతుంది కాబట్టి దాన్ని తర్వాత ఫోన్లో కలుపుకుంటారు. ఇంటిదగ్గర తొమ్మిదైనా లేవనివాడు ఇక్కడ చీకటితోనే లేస్తాడు. నుదుటి మీద పెద్ద బొడిపె ఉన్న బంప్‌హెడ్ చిలకచేపలు రాత్రి ఓడ దగ్గర పడుకుని తెల్లవారగానే మేతకి పోతాయట, ఆలోపు చూడాలి. అవి పగడాలు కొరికి తిని ఇసుకగా విసర్జిస్తాయి. చెప్పకుండా ఇంత పని చేసే జీవులు ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా లేనివే అయ్యుంటాయి.

ఒడ్డున ఇసుక లేదు, అన్నీ నల్లటి గుండ్రాళ్ళు. వాటి మీద ఉత్త చేతుల్తో నడవడానికే వీరుడు ఇద్దరి భుజాలు పట్టుకుంటాడు. నిండు సిలిండరు దాదాపు 15 కిలోలుంటుంది. తులాంబెన్ ఆడవాళ్ళు ఒక్కోసారి రెండేసి తలమీద పెట్టుకుని, మామూలు చెప్పులతో ఆ రాళ్ళ మీంచే నడిచిపోతారు. దించి మళ్ళీ వస్తారు, మళ్ళీ ఎత్తుకుంటారు. దీన్ని ఎవరూ సాహసం అనరు. కూలి ఇస్తున్నారు కదా. డబ్బులు పుచ్చుకుని చేస్తే పని, డబ్బులిచ్చి చేస్తే సాహసం. ఇంత స్పష్టమైన తేడా తెలియకనే మన పెద్దలు నోరుజారుతున్నారు.

పైకొచ్చాక లాగ్‌బుక్ నింపాలి. ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, సిలిండర్లో ఇంకా ఎంత గాలి మిగిలింది, పక్కన ఉన్నవాడి సంతకం, ఇవన్నీ రాస్తారు. సిలిండరు ఎవరు మోశారో రాయడానికి మాత్రం గడి ఉండదు. అలా ఉంచడమే క్షేమం. ఆ గడి పెడితే బీచిలో అందరి పుస్తకాల్లోనూ ఒకావిడ పేరే కనపడుతుంది, చూసినవాళ్ళు డైవింగ్ చేసింది ఆవిడే అనుకునే ప్రమాదం ఉంది.