నీళ్ళు లాగి చూసి 'ఏం లేదు' అనేస్తే అయిపోయిందా?

ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చా. చెప్పులు కూడా విప్పలేదు.

మదనపల్లె నుంచి మా చిన్నమావయ్య వచ్చాడు. 54 ఏళ్ళు. దవడ కింద నిమ్మకాయంత గడ్డ, మూడు నెలలుగా. నొప్పి లేదు, జ్వరం లేదు. సూదితో నీళ్ళు లాగారు, 'క్యాన్సర్ కణాలు కనబడలేదు' అని రిపోర్టు వచ్చింది. డాక్టరు గారు తలెత్తకుండానే "పుట్టుకతో వచ్చే నీటిగడ్డ, బుధవారం కోసి తీసేద్దాం" అన్నాడు. అత్తయ్య అక్కడే తిరుపతికి మొక్కేసుకుంది.

పుట్టుకతో వచ్చింది 54 ఏళ్ళు ఎక్కడుందండీ? బెంగళూరు సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయిందా?

నలభై దాటినవాళ్ళ మెడలో నీటిగడ్డ కనిపిస్తే, కాదని తేలేదాకా క్యాన్సరే అనుకుని వెతకాలి. 2017లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం కూడా నీటిగడ్డే కదా అని వదిలేయొద్దంది. ఆ నీళ్ళలో కణాలే తక్కువ, ఇంకేం దొరుకుతాయి? అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గడ్డ గోడలో, గట్టిగా ఉన్నచోట సూది దించాలి. ఆ కణాలకి పీ16 పరీక్ష చేయించాలి, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చిన క్యాన్సరా అని చూసేది. ఈ గడ్డ వేరేచోటి క్యాన్సర్ పాకి వచ్చిందే అయితే, అసలు దొంగ టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో కంటికి ఆననంత చిన్నగా నక్కి ఉండొచ్చు, ఒక్కోసారి థైరాయిడ్‌లో. అందుకే ఒళ్ళంతా వెతికే పెట్ స్కాన్. ఇదంతా అడిగితే "గూగుల్ చదివారా మేడమ్?" అట. చదివా సార్. మీరూ చదవండి.

"సిగరెట్టు ముట్టడు కదే" అంటుంది అత్తయ్య. హెచ్‌పీవీ వైరస్‌కి సిగరెట్టుతో పనిలేదు. పడకగదిలో అదెలా అంటుకుంటుందో ఆవిడకి చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఇంతలో పెద్దమావయ్య ఫోను. "కత్తి తగిలితే పాకుతుందంటారు, టీబీ మందులేమన్నా వాడి చూడండి" అట. ఈ మాటే కదా ఆయన మా నాన్నప్పుడూ అన్నది! మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం టీబీ శానిటోరియం పక్కన పుట్టామని మెడలో బిళ్ళ కడితే టీబీయే అని తీర్మానించారు. ఏ పరీక్షా లేకుండా ఆరు నెలలు మాత్రలు మింగించారు. ముక్క తీసి పరీక్షకి పంపుదామంటే అడ్డం పడింది ఈయనే. చివరికి పంపేసరికి నాన్న గంజి కూడా మింగలేకపోతున్నాడు. ఏటా తద్దినానికి వచ్చి, రెండోసారి గారెలు వడ్డించుకుని, "బావకి ఆయుష్షు అంతే" అంటాడు చూడండీ...

అసలేంటో తేలకుండా బుధవారం ఆపరేషన్ వద్దని చెప్పేశా. రేపు పొద్దున వేరేచోట, తల, మెడ క్యాన్సర్లు చూసే సర్జన్ దగ్గరికి వెళ్తున్నాం. అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. మానేస్తే మాననీ.